ముసాఫిర్ పేరు

దారినపోయే మనిషి తన పేరు చెప్పి తీరాలా? అడిగితే చెప్పాలి సరే, అడగకపోతే తనంతట తాను చెప్పాలా? చెప్పకుండా వెళ్ళిపోతే దాచినట్టు లెక్కా? పేరు చెబితే ఏమీ మారనివాళ్ళకి ఇవి పనిలేనివాడి ప్రశ్నలు. పేరు నోట్లోంచి వచ్చీ రాగానే ఎదుటివాడి ముఖంలో ఏదో ఒక చిన్న గీత కదలడం బడి రోజుల నుంచీ చూస్తూ పెరిగినవాళ్ళకి మాత్రం ఇది రోజువారీ లెక్క. అద్దె ఇంటి ఓనరు ముందు, రైల్లో పులిహోర పొట్లం విప్పిన పెద్దావిడ ముందు, తెలుగు ఇంత బాగా ఎలా మాట్లాడతారు అని మెచ్చుకునే సభాధ్యక్షుడి ముందు మేం ఈ లెక్క వేస్తూనే ఉంటాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు మాలో చాలామందికి మా ఒంటి మీది మచ్చ మాకే మొదటిసారి కనిపించింది. ఆ మచ్చ ఉండే చోటు ముఖం కాదు, పేరు. ముఖం చూసి ఎవరూ పోల్చుకోలేరు.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో కంటే రోడ్డు మీద బాగా అర్థమైంది. నలభై దాటాక డాక్టరు నడవమంటే సైకిలెక్కాను. ముందు ఊరి చుట్టూ ఇరవై కిలోమీటర్లు, తర్వాత యాభై. ఆ పైన కడప నుంచి అలిపిరి దాకా ఒక్కడినే పోవాలని బుద్ధి పుట్టింది. ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, కోడూరు, బాలపల్లె అడవి, రేణిగుంట, తిరుపతి - సుమారు 140 కిలోమీటర్లు. కొత్తగా తొక్కేవాడికి అది చిన్న దూరం కాదు. సీటు మీద ఎలా కూర్చోవాలో, ఎత్తులో గేరు ఎప్పుడు దించాలో, దాహం వెయ్యకముందే నీళ్ళెందుకు తాగాలో, అన్నీ శరీరం దెబ్బలు తిని నేర్చుకోవాల్సిందే. యాభయ్యో కిలోమీటరు దగ్గర అరచేతులు తిమ్మిరెక్కుతాయి. ఎనభై దాటాక తొడలు మాట వినవు. వంద దాటాక మనసు చిన్న పిల్లాడిలా మారాం చేస్తుంది: ఎందుకొచ్చావు, ఎవరు రమ్మన్నారు, బస్సుకి డబ్బుల్లేవా?

ఆ ప్రయాణంలో నన్ను చూసినవాడికి నా గురించి తెలిసేది ఏమిటి? తలకి హెల్మెటు, కళ్ళకి నల్లద్దాలు, ఒంటికి అతుక్కున్న బట్టలు, ముఖం నిండా చెమటా దుమ్మూ. కులం లేదు, మతం లేదు, ఉద్యోగం లేదు. ఎదురొచ్చే లారీ డ్రైవరు చెయ్యి ఊపితే అది సైకిలువాడికి ఊపడమే. ఒంటిమిట్ట కోదండరాముడి గోపురం పక్క నుంచి పోతున్నప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద పక్కనే వచ్చి, "అన్నా, ఎంత స్పీడు పోతాది? ఎన్ని గేర్లు?" అని అడిగారు. నా జీవితంలో నన్ను ఇన్ని గంటల పాటు ఇంత తేలిగ్గా 'అన్నా' అన్నవాళ్ళు లేరు.

తిరిగొచ్చాక ఇది చెబితే మా లౌకికవాద మిత్రుడొకాయన తెగ సంబరపడ్డాడు. "చూశావా, రోడ్డుకి మతం లేదు. ఇదే కదా మనం కోరుకునేది" అన్నాడు. ఇక్కడే నాకు పేచీ. హెల్మెటు కింద నేనెవరో తెలియకపోవడం వల్ల దొరికిన మర్యాద నాకు దొరికిన మర్యాదేనా? నేనెవరో తెలియని చోట నాతో బాగున్నారంటే అర్థం, నాతో బాగున్నారని కాదు. వాళ్ళ మనసులో ఉన్న ఎవరో 'మామూలు మనిషి'తో బాగున్నారని. ఆ మామూలు మనిషికి ఈ దేశంలో చెప్పకుండానే ఒక మతం ఉంది. అది నాది కాదు. మతం కనిపించనప్పుడు అందరూ సమానమే అనడం, దీపం ఆర్పేస్తే గదిలో అందరూ ఒకే రంగు అనడం లాంటిది. మా మిత్రుడి లౌకికవాదం చాలాసార్లు ఈ దీపం ఆర్పే పద్ధతే. పేరు వదిలేసి రా, గడ్డం వదిలేసి రా, సలాం వదిలేసి నమస్కారంతో రా, మనందరం ఒకటే.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. దాన్ని మా వాళ్ళు ఒప్పుకోరు. ప్రతి టీకొట్టు దగ్గరా, ప్రతి పంక్చరు దగ్గరా నేను ఇస్లాముకి రాయబారిగా ఎందుకు ఉండాలి? మనిషికి కొంతసేపు ఏమీ కాకుండా ఉండే హక్కు లేదా? ఎదురుగాలికి తలవంచి తొక్కుతున్నవాడు గాలి గురించి ఆలోచిస్తాడు, చైను చప్పుడు గురించి ఆలోచిస్తాడు. అతన్ని ఆపి అస్తిత్వం గురించి అడిగితే అది కూడా ఒక రకం దౌర్జన్యమే. రెడ్డి గారబ్బాయి సైకిలు తొక్కితే సైకిలు తొక్కినట్టు. నేను తొక్కితే 'ముస్లిం కూడా తొక్కుతున్నాడు' అనా? మంచివాళ్ళు మెచ్చుకున్నా నాకు ఇది కష్టంగానే ఉంటుంది.

మా మజహబ్ లో ఈ విషయం మీద ఒక పాత ఆలోచన ఉంది. దాన్ని మేమే సరిగా చూసుకోలేదు. జకాత్ ఎవరెవరికి చెందాలో చెబుతూ ఖురాన్ తొమ్మిదో సూరాలో ఎనిమిది రకాల వాళ్ళని లెక్కపెట్టింది. వాళ్ళలో ఒకడు 'ఇబ్నుస్సబీల్'. మాటకి మాట చెప్పాలంటే 'బాట కొడుకు'. ఇంటి దగ్గర ఆస్తిపాస్తులున్నవాడైనా దారిలో చేతిలో ఏమీ లేకపోతే అతనికి హక్కు ఉంది. ఎవరి కొడుకు అని అడిగితే బాట కొడుకు, అంతే. నమాజు సంగతీ అంతే. మన వైపు ముఫ్తీలు ఎక్కువమంది చెప్పే లెక్క ప్రకారం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణం తలపెట్టి ఊరు దాటినవాడు ముసాఫిర్. నాలుగు రకాతుల నమాజు అతనికి రెండవుతుంది. హనఫీ మజహబ్ లో ప్రయాణం ఎందుకోసం అన్నది కూడా చూడరు. హజ్ కి పోయినా, అప్పు వసూలుకి పోయినా, ఊరికే సైకిలు మీద పోయినా రెండే. దూరం మనిషికి ఒక హోదా ఇస్తుంది. ఆ హోదాకి కారణం అడగరు.

సైకిలువాళ్ళ లోకంలోనూ ఇలాంటి పద్ధతే ఉంది. పారిస్ నుంచి బ్రెస్ట్ కి పోయి మళ్ళీ పారిస్ కి వచ్చే 1200 కిలోమీటర్ల సవారీ 1891లో మొదలైంది. ఇప్పటికీ నాలుగేళ్ళకోసారి జరుగుతుంది. దాని కట్టుబాట్లతోనే మన దేశంలోనూ 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు పెడుతున్నారు. 200 అయితే పదమూడున్నర గంటల్లో ముగించాలి. చేతిలో ఒక కార్డు ఉంటుంది. దారిలో నిర్ణయించిన చోట్ల దాని మీద ముద్ర వేయించుకోవాలి. పంక్చరైతే నువ్వే అతికించుకోవాలి, ఆకలైతే నువ్వే కొనుక్కోవాలి. ఎవరు ముందొచ్చారన్న పోటీ లేదు. వేళకి వచ్చావా, దారి తప్పకుండా వచ్చావా అని మాత్రమే చూస్తారు. నేను అంత దూరం ఇంకా పోలేదు. కానీ ఆ కార్డు గురించి వినగానే నాకు ముసాఫిర్ గుర్తొచ్చాడు.

మన దగ్గర దారి ఎప్పుడూ అంత ఖాళీగా లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి తిరుపతి, కడప మీదుగానే పోయాడు. అంటే నేను తొక్కిన వైపుకి ఎదురుగా. ఆయన సుప్రీం కోర్టులో దుబాసీ, పెద్ద పరివారంతో పల్లకీ మీద పోయిన మనిషి. ఆయన యాత్రా చరిత్ర చదివితే ఏ ఊళ్ళో ఏ సత్రం ఉంది, బ్రాహ్మణ ఇళ్ళెన్ని అన్నది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. సత్రంలో పడుకోవాలన్నా, బావి దగ్గర చెంబు ముంచాలన్నా ముందు నువ్వెవరో తేలాలి. 'మీదే వూరు, మీరెవుర్లు' అన్న మన పలకరింపులో ఇప్పటికీ రెండో సగం ఆ బావి దగ్గరి ప్రశ్నే. ముస్లింలకి మాత్రమే ఈ బాధ అనుకోవడం పొరపాటు. దళితుడికి ఇది మాకంటే వెయ్యేళ్ళ పాతది.

కోడూరు దాటాక కొండకి నడిచిపోయే భక్తుల కోసం రోడ్డు పక్కన పందిరి వేసి మజ్జిగ పోస్తున్నారు. పసుపు బట్టలు కట్టుకున్న ఆడా మగా చెట్ల నీడన కాళ్ళు పిసుక్కుంటున్నారు. నన్ను చూసి ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"యాడ్నుంచి సామీ?"

"కడప నుంచి."

"సైకిల్లోనా! కొండకేనా?"

"అలిపిరి దాకా."

"అలిపిరి దాకా పోయినోడు పైకి పోకుండా వచ్చేస్తాడా ఏంది" అని నవ్వి గ్లాసు చేతికిచ్చాడు. ఆ మజ్జిగలో అల్లం, కరివేపాకు, ఇంత ఉప్పు. తాగుతుంటే అడిగాడు: "పేరేంది సామీ?"

చెప్పాను. నా పేరు చెవిన పడితే రెండో అనుమానానికి తావుండదు. ఆయన ఒక్క క్షణం నన్ను తేరిపార చూశాడు. తర్వాత పెద్దగా నవ్వి, "అట్లయితే మా సామికి అత్తగారి తట్టోడివి గదా! ఇంగో గళాసు తాగు సాయిబూ" అన్నాడు.

కడప వైపు వాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. వెంకటేశ్వరస్వామి పెళ్ళాడిన బీబీ నాంచారి ముస్లింల ఆడపడుచు అని నమ్మకం. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు పోయి కొబ్బరికాయ కొట్టి వస్తారు. అల్లుడి ఇంటికి పోయినట్టు పోతారు. మా నానీమా ఐదు పూటలా నమాజు వదలని మనిషి. ఆవిడ కూడా ఈ చుట్టరికాన్ని ఎగతాళి చెయ్యనిచ్చేది కాదు. పెద్దాయన నవ్వులో కల్మషం లేదు. రెండో గ్లాసు మొదటిదానికంటే నిండుగానే ఉంది.

అయినా ఆ పందిరి దాటి బాలపల్లె అడవిలోకి వచ్చాక నా ఆలోచన ఆ సంబోధన మీదే ఆగింది. పేరు చెప్పకముందు నేను 'సామీ'ని. చెప్పాక 'సాయిబూ' అయ్యాను. రెండూ గౌరవపు పిలుపులే. మొదటిది నేను పోతున్న దారి ఇచ్చింది, రెండోది నేను పుట్టిన ఇల్లు ఇచ్చింది. ఆయన నన్ను బయటికి తోయలేదు, ఇంకా దగ్గరికే లాక్కున్నాడు. కానీ లాక్కోవడానికి ఆయనకి ఒక చుట్టరికం అవసరమైంది. బీబీ నాంచారి కథ లేని ఊళ్ళో నాకు రెండో గ్లాసు ఏ లెక్కన వస్తుంది? మతసామరస్యం అనగానే మనం ఇలాంటి కథలే చెప్పుకుంటాం. గుంటూరు షేక్ మస్తాన్ 1984లో స్వామికి 108 బంగారు పూలు సమర్పించాడు, మంగళవారాల అష్టదళ పాదపద్మారాధన ఆ పూలతోనే. కరవది నుంచి పోయి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గుళ్ళలో నాదస్వరం వాయించి సంగీత కళానిధి అయ్యాడు. వాళ్ళిద్దరి ముందూ నేను తల వంచుతాను. ఆ పూలూ ఆ నాదమూ వాళ్ళ సొంత ప్రేమలోంచి వచ్చాయి. కానీ వేదిక ఎక్కిన ప్రతివాడూ వాళ్ళ పేర్లు నాకు అప్పజెబుతుంటే ఒక్కోసారి ధరల పట్టిక చదువుతున్నట్టుంటుంది. బంగారు పూలివ్వలేనివాడు, నాదస్వరం రానివాడు, దేవుడికి అత్తగారి తరపు కానివాడు, ఉత్తి దాహంతో వచ్చినవాడు ఏం కావాలి?

అలిపిరికి ఆ పేరెలా వచ్చిందో తిరుపతిలో మూడు రకాలుగా చెబుతారు. అరవంలో మొదటి మెట్టుకి 'ఆదిపడి' అన్నది ఒకటి. కొండ అడుగున చింతచెట్టు ఉండేది, 'అడిప్పుళి' అన్నది ఇంకొకటి. మూడోది మా మీద కట్టిన కథ. అలీ అనే సేనాని దండెత్తి వచ్చాడట, ఇక్కడి దాకా వచ్చి స్వామి మహిమకి జడిసి వెనక్కి మళ్ళాడట, అందుకని 'అలీ ఫిరే' అయ్యిందట. ఉర్దూ వచ్చినవాడిగా నాకు ఈ కథ మీద ఆసక్తి. 'ఫిర్నా' అంటే మళ్ళడమే కాదు, తిరగడం కూడా. మా ఇళ్ళలో సాయంత్రం పూట 'ఫిర్ కే ఆతౌఁ' అంటే అలా తిరిగొస్తానని. వెనక్కి మళ్ళినవాడిని మాత్రమే ఎంచుకున్నది కథ చెప్పినవాళ్ళు, భాష కాదు. చరిత్రలో ఉన్న సంగతి ఇంత నాటకీయంగా లేదు. ఆర్కాటు నవాబులకి కావాల్సింది కొండ రాబడి. వాళ్ళ తర్వాత అది కంపెనీ చేతికి పోయింది, 1843లో హాథీరాంజీ మఠం మహంతుల చేతికి, 1933లో దేవస్థానం కమిటీకి వచ్చింది. నవాబుకి లెక్కల పుస్తకం ముఖ్యం. మహిమకి జడిసే తీరిక ఆయనకి ఉన్నట్టు లేదు.

సాయంత్రం నాలుగు దాటాక అలిపిరి చేరాను. గరుడుడి బొమ్మ చుట్టూ బస్సులు, టెంకాయల కొట్లు. పాదాల మండపం దగ్గర జనం స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నారు. మొదటి మెట్టు పసుపూ కుంకుమా కర్పూరం మసితో నిండి ఉంది. అక్కడి నుంచి పైకి మూడున్నర వేల మెట్లు. ఇటు పక్క తనిఖీ కేంద్రంలో కార్లన్నీ ఆపి, అందర్నీ దించి, సంచులు విప్పిస్తున్నారు. 2003 అక్టోబరు 1న ఇక్కడే ఘాట్ రోడ్డులో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి కారు మీద నక్సలైట్లు మందుపాతరలు పేల్చారు. సంచుల ముందు నిలబడ్డ ఆ వరసని చూస్తుంటే నాకు ఒక తేడా దొరికినట్టనిపించింది. మంత్రి బంధువు సంచీ, కూలివాడి సంచీ ఒకే పట్టా మీద పోతున్నాయి. అందర్నీ అడిగే ప్రశ్న అవమానం కాదు. బాలపల్లె అడవి దగ్గర నన్ను పోలీసు ఆపి సంచీ విప్పమన్నప్పుడు కూడా నాకు ఉక్రోషం రాలేదు. ఎర్రచందనం పోయే దారి అది. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలం అడవుల్లో 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. అడవి అంచున ఒంటరి మనిషిని ఎవర్నైనా అడుగుతారు. నా సంచిలో పంపూ, రెండు ట్యూబులూ, ఖర్జూరాలూ చూసి ఆ కానిస్టేబులు ఒక ఖర్జూరం తీసుకుని పొమ్మన్నాడు.

కొండ మీద ఇంకో ప్రశ్న ఉంది. హిందువు కానివాడు స్వామి దర్శనానికి పోవాలంటే తనకి స్వామి మీద నమ్మకముందని కాగితం మీద సంతకం పెట్టాలి. 1990 నాటి నిబంధనల్లో ఉన్నదే. అబ్దుల్ కలాం కూడా పెట్టారని తిరుపతిలో చెప్పుకుంటారు. మావాళ్ళలో కొందరికి ఇది తప్పుగా తోస్తుంది. నాకు తోచదు. గుడి ఒక ఇల్లు, దానికి గడప ఉంది. గడప దగ్గర అడిగే హక్కు ఇంటివాళ్ళది. మక్కా పోయే రహదారి మీద ముస్లిం కానివాళ్ళని పక్కదారి పట్టించే బోర్డులున్న సంగతి మరిచిపోయి తిరుమల కాగితం గురించి మాట్లాడటం న్యాయం కాదు. నేను పైకి పోలేదు. ఎవరూ ఆపి కాదు, జడిసి కాదు. ఆ సంతకం నిజంగా పెట్టగల నమ్మకం నాకు లేదు, లేనిదాన్ని ఉందని రాస్తే అది స్వామికీ అల్లాకీ ఇద్దరికీ చేసే అమర్యాద.

పేచీ అంతా గడప ఎక్కడ మొదలవుతుందన్న దాని దగ్గరే ఉంది. గుడికి గడప ఉంది, మసీదుకి ఉంది, మనిషి ఇంటికి ఉంది. రోడ్డుకి గడప లేదు. అది ప్రజల డబ్బుతో వేసినది. టీకొట్టుకి? పందిరికి? అద్దె ఇంటికి? ఈ మధ్య కాలంలో గడపలు రోడ్డు మీదికి జరుగుతున్నాయని నా అనుమానం. 2024లో ఉత్తరప్రదేశ్ లో కావడి యాత్ర దారి పొడుగునా కొట్ల మీద యజమానుల పేర్లు రాయాలని పోలీసులు ఆజ్ఞ వేస్తే సుప్రీంకోర్టు ఆపింది. ఏం తిండి పెడుతున్నావో చెప్పు, నీ పేరు చెప్పనక్కర్లేదు అంది. పందిరి దగ్గర పెద్దాయన మజ్జిగ ఇచ్చి పేరడిగాడు. అక్కడ పేరడిగి గానీ తినొద్దన్నారు. రెండూ ఒకే ప్రశ్న, వరస మాత్రం తారుమారు.

ఇదంతా మా చెల్లెలికి చెప్పాను. బడిలో లెక్కలు చెబుతుంది. అంతా విని, "భాయ్, నీకు ఇది పెద్ద ప్రశ్న, ఎందుకంటే నీ దగ్గర దాచుకునే వీలుంది. నేను స్కార్ఫ్ కట్టుకుని సైకిలెక్కితే ఒంటిమిట్ట దాకా కూడా నన్ను ఎవరూ పేరడగరు. అడక్కుండానే తెలుసు వాళ్ళకి" అంది. నేను మాట్లాడలేదు. ఆమే మళ్ళీ అంది: "అయినా నన్ను అడిగేది అది కాదు, ఒక్కదానివే ఎందుకొచ్చావు, ఇంట్లో మగవాళ్ళు లేరా అని. అది మనవాళ్ళూ అడుగుతారు, వాళ్ళూ అడుగుతారు. అక్కడ మాత్రం మతసామరస్యమే."

ఆ రాత్రి తిరుపతిలో బస చెయ్యాల్సి వచ్చింది. మొదటి లాడ్జిలో గుమాస్తా నా కార్డు చదివి, గదులు భక్తులకి మాత్రమే అన్నాడు. నాకు ముందు నిలబడ్డ మందుల కంపెనీ కుర్రాడికి అప్పుడే తాళంచెవి ఇచ్చి పంపాడు. రెండో చోట కౌంటరులో ఉన్నావిడ కార్డు నెంబరు రాసుకుంది, పేరు వైపు చూసినట్టే లేదు. సైకిలు లోపల పెట్టుకోవచ్చా అని అడిగితే, "మెట్ల కింద పెట్టు నాయినా, తొందరగా పెట్టు, ఏడింటికి నీళ్ళు ఆగిపోతాయి, స్నానం చేసుకో" అంది. గదిలో పడమర ఎటో తెలీక కిటికీలోంచి చూస్తే కొండ కనిపించింది. దాన్ని బట్టి దిక్కు సరిచూసుకుని, మగ్రిబ్ మూడు, ఇషా రెండు చదివి పడుకున్నాను.